మీ పొలంలో ఉన్నది పాల చౌడా, కారు చౌడా? జిప్సం కొనేముందు తేల్చుకోవడం ఎలా

చెరువు కింద కయ్యల్లో ఒక మూల ఎప్పుడూ పైరు పట్టదు. విత్తనం మొలవదు, మొలిచినా జానెడు లేచి ఎర్రబారుతుంది. "అది చౌడులే" అని ఒక మాట అనేసి, ఎవరో చెప్పారని రెండు మూటల జిప్సం చల్లి, ఇంకెవరో చెప్పారని నాలుగు తడులు ఎక్కువ పెట్టి, చివరికి ఆ మూలను కంపచెట్లకు వదిలేసిన పొలాలు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కనిపిస్తూనే ఉంటాయి. చౌడు ఒకటే రకం కాదు. ఒక రకానికి పనికొచ్చే వైద్యం రెండో రకానికి ఖర్చు దండగ, ఒక్కోసారి చేటు కూడా. అందుకే మందు కంటే ముందు పరీక్ష.

పాల చౌడులో సమస్య నీటిలో కరిగే లవణాలది. ఎండాకాలంలో అవి తేమతోపాటు పైకి ఎగబాకి, నీరు ఆవిరయ్యాక నేల మీద తెల్లగా పూస్తాయి. మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది, నీరు దిగుతుంది. అయితే నేలలో తేమ ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు, మొక్క మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది.

కారు చౌడు తీరు వేరు. అక్కడ కరిగే లవణాలు తక్కువే ఉండొచ్చు. కానీ బంకమట్టి రేణువులను సోడియం అంటిపెట్టుకుని ఉంటుంది. తడి తగలగానే ఆ రేణువులు విడిపోయి, మట్టిలోని సన్న సందులన్నిటినీ పూడ్చేస్తాయి. నీరు దిగదు, వేరుకు గాలి ఆడదు. ఎండితే పార దిగనంత గట్టిపడుతుంది. మట్టిలోని సేంద్రియ పదార్థం సోడాలో కరిగి పైకి వచ్చి, నల్లటి పొరగా ఆరుతుంది.

ఈ రెండూ కలిసిన చౌడు మూడోది. మనుషుల్ని బాగా మోసం చేసేది ఇదే. దాని సంగతి కింద చెప్తాను.

మొదటి పని: ఎండాకాలంలో ఒకసారి, పెద్ద వాన తర్వాత ఒకసారి పొలం తిరగండి

ఏప్రిల్, మే నెలల్లో, దుక్కి దున్నకముందు చూడండి. లవణాలు అప్పుడే పైకి చేరి ఉంటాయి. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వాన కూడా బాగానే పడుతుంది కాబట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిన వానకు అవి కిందికి దిగిపోతాయి. జనవరిలో తీసిన మట్టికి ల్యాబులో మంచి రిపోర్టు రావడం, అదే చేను మేలో తెల్లబడటం, రెండూ నిజమే.

తెల్ల పూత ఉండి, కాలితో తొక్కితే మట్టి పొడిపొడిగా నలిగితే పాల చౌడు అనుకోవచ్చు. పూత బూడిద రంగుకో నలుపుకో తిరిగి, నేల పెళుసు పొరగా పగిలి, కింద గడ్డకట్టి ఉంటే కారు చౌడు మీద అనుమానం పెట్టుకోండి.

వాన తర్వాత చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో తేటపడిందా, లేక రోజుల తరబడి ఎర్రగానో బూడిదగానో మురికిగానే ఉందా చూడండి. తేటపడకపోతే బంకమట్టి నీటిలో తేలుతున్నట్టే, అంటే సోడియం ఉన్నట్టే. నీరు నిలిచిన చోటే పారతో అడుగు లోతు తవ్వండి. పైన నీరుండి, కింద మట్టి పొడిగా కనిపిస్తే ఇక పెద్దగా సందేహం అక్కర్లేదు.

కలుపును చూసి చెప్పేవాళ్ళు ఉంటారు. ఉప్పుశనగ, ఇలకూర లాంటివి గుంపుగా లేస్తే ఉప్పు ఉన్నట్టే. సర్కారు తుమ్మను చూసి మాత్రం ఏమీ తేల్చకండి, అది ఎక్కడైనా పెరుగుతుంది.

మట్టి నమూనా: మామూలు పద్ధతి ఇక్కడ చాలదు

ఎరువుల సిఫారసు కోసం మట్టి తీసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. పొలమంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ పది పదిహేను చోట్ల ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున గుంత తీసి, పక్క నుంచి అర అంగుళం పొర చెక్కి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగుల్చుకోవడం. చౌడు కోసం అయితే ఇందులో మూడు మార్పులు చేయాలి.

ఒకటి, మంచి చోటునూ చెడ్డ చోటునూ కలపొద్దు. పైరు పట్టని మూల మట్టి ఒక సంచి, బాగా పండే చోటు మట్టి ఇంకో సంచి. రెండూ కలిపితే వచ్చే సగటు అంకె ఆ రెండు చోట్లలో దేనికీ చెందదు. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటేనే తేడా కనబడుతుంది.

రెండు, పైన తెల్లగా పూసిన పొరను మిగతా మట్టిలో కలపకండి. దాన్ని గీకి వేరే కవరులో వేసుకోండి.

మూడు, లోతు. చెడ్డ మూలలో కనీసం రెండు చోట్ల 15, 30, 60, 90 సెంటీమీటర్ల దాకా తవ్వి, ఏ పొర మట్టిని ఆ పొరగానే ఉంచండి. పైన 15 సెంటీమీటర్లు బాగానే ఉండి అడుగు కింద సోడియం పొర ఉన్న నేలలు ఉంటాయి. చెనిక్కాయకు (వేరుశనగకు) అది అంతగా తెలియదు, చెరకుకు తెలుస్తుంది, మామిడికి నాలుగో ఏడు తెలుస్తుంది. మామిడి పెట్టబోయే చేనైతే ఐదారు అడుగుల గుంత తీసి అడుగుకు ఒకటి చొప్పున తీయండి. తవ్వేటప్పుడు సున్నపు గులకలు, తెల్ల సుద్ద పొర తగిలితే ఎంత లోతున తగిలిందో రాసి పెట్టుకోండి.

మట్టిని నీడలో, పాత గుడ్డ మీదో కాగితం మీదో ఆరబెట్టండి. ఎరువుల సంచి మీద ఆరబెడితే పరీక్ష అంతా వృథా. పేరు, సర్వే నంబరు, లోతు, తీసిన తేదీ రాసిన చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి. ల్యాబుకు పంపేముందు ప్రతి నమూనాలో కొంత మట్టి ఇంట్లో దాచుకోండి, ఇంటి పరీక్షలకు అది కావాలి.

గాజు గ్లాసు పరీక్ష

డబ్బు ఖర్చు లేకుండా సోడియాన్ని కళ్ళారా చూపించే పరీక్ష ఇదొక్కటే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఎమర్సన్ అనే శాస్త్రవేత్త 1967లో పద్ధతిగా ప్రచురించిన పరీక్షకు ఇది ఇంటి రూపం.

మీకు కావాల్సింది వెడల్పాటి గాజు గ్లాసు లేదా గిన్నె, వాన నీరు లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, బఠాణీ గింజంత ఎండిన మట్టి పెళ్ళలు నాలుగైదు. బోరు నీరు వాడకూడదు. అందులో ఉన్న లవణాలే మట్టి చెదరకుండా పట్టి ఉంచుతాయి, పరీక్ష తప్పుతుంది.

గ్లాసులో నీరు పోసి కదలకుండా పెట్టి, పెళ్ళలను మెల్లగా అడుగున వదలండి. కలపకండి, ఊపకండి. పది నిమిషాలకు, రెండు గంటలకు, మళ్ళీ మర్నాడు అదే వేళకు చూడండి.

పెళ్ళ విరిగి చిన్న ముక్కలుగా కూలిపోయి, నీరు మాత్రం తేటగా ఉంటే అది సోడియం కాదు. మట్టిలో సేంద్రియ పదార్థం తక్కువ, అంతే. మన ఎర్ర ఇసుక నేలలు ఎక్కువగా ఇలాగే కూలతాయి, చూసి టెన్షన్ పడకండి. పెళ్ళ చుట్టూ పాలలాంటి మబ్బు లేచి, అది మెల్లగా అడుగంతా పరుచుకుంటే మాత్రం బంకమట్టి చెదురుతున్నట్టు. పది నిమిషాల్లోనే మబ్బు లేస్తే సోడియం బాగా ఉంది. మర్నాటికి సన్నటి వలయం మాత్రమే కనిపిస్తే కొద్దిగా ఉంది. ఇసుక పాలు మరీ ఎక్కువైన మట్టిలో చెదరడానికి బంకే ఉండదు కాబట్టి అక్కడ ఈ పరీక్షను పట్టించుకోవద్దు.

ఇప్పుడు అదే మట్టితో రెండో గ్లాసు పెట్టండి, ఈసారి మీ బోరు నీటితో. వాన నీటిలో మబ్బు లేచి, బోరు నీటిలో లేవకపోతే అది ఆ మూడో రకం చౌడు కావచ్చు. సోడియం ఉంది, కానీ లవణాలు దాన్ని అదుపులో పెట్టి ఉంచాయి. ఎండాకాలమంతా బోరు కింద బాగానే ఉన్న చేను, నవంబరులో వాయుగుండం వాన పడ్డాక ఒక్కసారిగా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. వాన నీరు లవణాలను కడిగేస్తుంది, సోడియం మిగిలిపోతుంది.

టీడీఎస్ మీటరుతో ఉప్పు ఎంతో చూడటం

తాగే నీటికి వాడే జేబు మీటరు చాలు. 100 గ్రాముల ఎండిన, జల్లించిన మట్టిని అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, గంటలో నాలుగైదుసార్లు బాగా గిలకొట్టి, అరగంట కదలకుండా ఉంచి, పైనున్న తేట నీటిలో మీటరు ముంచండి. ఎంతసేపైనా తేట రాకపోతే అది కూడా ఒక జవాబే, పైన గ్లాసులో చూసినట్టే.

నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి ఉప్పును కొలుస్తారు. ఆ కొలతను ఈసీ అంటారు, దాని యూనిట్ డెసి సైమన్. చవక మీటర్లు ఎక్కువగా 1 డెసి సైమన్‌ను 500 పీపీఎంగా చూపిస్తాయి. అంటే 200 అని వస్తే 0.4 డెసి సైమన్లు. వింటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ మట్టికి ఐదు రెట్లు నీరు పోసి పలచన చేశాం కదా. వేరు దగ్గర ఉండే చిక్కదనం తెలియాలంటే ఇసుక గరప నేలకు ఈ అంకెను సుమారు 14తో, బంక నేలకు సుమారు 7తో హెచ్చవేయాలి. అదే 0.4 ఎర్ర ఇసుక గరపలో 5.6 అవుతుంది, చెరువు కింద బంకమట్టిలో 2.8 అవుతుంది.

పంటలు తట్టుకునే హద్దులు ఈ చిక్కటి లెక్కలోనే చెప్తారు. దిగుబడి తగ్గడం మొదలయ్యే అంకె చెరకుకు 1.7, టమాటాకు 2.5, వరికి 3, వేరుశనగకు 3.2. ఉల్లికి 1.2 దగ్గరే మొదలవుతుంది. వేరుశనగ విషయంలో ఒక మెలిక ఉంది. 3.2 దాకా ఏమీ అనదు, అది దాటాక ఒక్కో డెసి సైమన్‌కు దాదాపు 29 శాతం చొప్పున దిగుబడి పడిపోతుంది. చెరకు ముందుగా నొచ్చుకుంటుంది కానీ తగ్గడం నెమ్మదిగా, డెసి సైమన్‌కు 6 శాతం లోపే. కాబట్టి పైన చెప్పిన 5.6 నేలలో చెనిక్కాయ వేస్తే విత్తనం ఖర్చు కూడా రాదు, 2.8 నేలలో వేయొచ్చు.

పసుపు నీళ్ళు ఎర్రబడతాయని కొందరు పరీక్షిస్తారు. పసుపు సోడాకు ఎర్రబడేది నిజమే కానీ, మట్టి నీళ్ళ రంగులో ఆ తేడా పట్టుకోవడం కష్టం. దగ్గర్లో స్కూలు ల్యాబులో ఫినాఫ్తలీన్ దొరికితే తడిపిన మట్టి మీద రెండు చుక్కలు వేయండి. గులాబీ రంగు వస్తే పీహెచ్ (నేల పులుపో క్షారమో చూపే అంకె) 8.3 దాటినట్టు, ఎంత ముదిరితే అంత క్షారం.

ల్యాబుకు పంపేటప్పుడు ఏం అడగాలి

2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం. ఈ జాబితాలో సోడియం లేదు. కార్డులో ఈసీ 0.6 అని చూసి "నా నేల బాగుంది" అనుకున్న రైతు నేలలో కారు చౌడు ఉండొచ్చు, ఎందుకంటే కారు చౌడులో ఈసీ తక్కువగానే ఉంటుంది. కార్డు అబద్ధం చెప్పలేదు, దాన్ని సోడియం గురించి ఎవరూ అడగలేదు.

కాబట్టి ల్యాబులో విడిగా ఇవి అడగండి: సంతృప్త ద్రావణంలో (మట్టిని ముద్దగా తడిపి లాగిన నీటిలో) ఈసీ, పైన చెప్పిన చిక్కటి లెక్క ఇదే, మార్పిడి సోడియం అంటే బంకమట్టిని అంటిపెట్టుకున్న సోడియం, సీఈసీ అంటే నేల అయాన్లను పట్టి ఉంచుకునే శక్తి, జిప్సం అవసరం. పీహెచ్ ఎలాగూ చేస్తారు. తిరుపతిలో ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉన్నాయి. రేణిగుంట మండలం కరకంబాడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చౌడు నేలలు, ఉప్పు నీటి మీద ప్రత్యేకంగా పరిశోధన చేసే కేంద్రం అదే విశ్వవిద్యాలయానికి బాపట్లలో ఉంది. మామూలు కార్డు పరీక్షకు మీ ఊరి రైతు సేవా కేంద్రం చాలు. సోడియం, జిప్సం అవసరం పరీక్షలు అన్నిచోట్లా చేయరు, కాబట్టి మట్టి మోసుకెళ్ళే ముందు చేస్తారో లేదో కనుక్కోండి.

రిపోర్టు చదవడం

ముందు ఈసీ పక్కన ఏ నిష్పత్తి రాశారో చూడండి. మన ల్యాబులు ఎక్కువగా మట్టికి రెండున్నర రెట్లు నీరు కలిపి చూస్తాయి. ఆ పద్ధతిలో 1 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 1 నుంచి 2 మధ్య ఉంటే మొలకకు దెబ్బ, 2 దాటితే సున్నితమైన పంటలు తట్టుకోలేవు. పుస్తకాల్లో చౌడు హద్దుగా చెప్పే 4 డెసి సైమన్లు సంతృప్త ద్రావణానిది. ఈ రెండు అంకెల్నీ ఒకే తక్కెడలో వేస్తే, చౌడు నేల రిపోర్టు చేతిలో పెట్టుకుని కూడా బాగుందనుకుంటారు. పాత రిపోర్టుల్లో మిల్లీ మోస్ అని ఉంటే అదీ డెసి సైమన్లూ ఒకటే. మైక్రో సైమన్లు అయితే వెయ్యితో భాగించండి.

పీహెచ్ తర్వాత చూడండి. నేలలో సున్నం ఎంత ఉన్నా, ఒక్క సున్నం వల్ల పీహెచ్ 8.3, 8.4 దాటడం కష్టం. 8.5 దాటిందంటే సోడియం కార్బనేట్ పని చేస్తోందని అర్థం. 9 దాటితే ఇంక వేరే రుజువు అడగక్కర్లేదు. అయితే 8.5 లోపు ఉంది కదా అని సోడియం లేదనుకోవద్దు. రెండూ కలిసిన చౌడులో లవణాలు పీహెచ్‌ను కిందికి పట్టి ఉంచుతాయి.

అసలు తేల్చేది మార్పిడి సోడియం శాతం, ఇఎస్‌పీ అంటారు. మార్పిడి సోడియాన్ని సీఈసీతో భాగించి వందతో హెచ్చవేయడమే. 1954లో అమెరికా లవణీయత ప్రయోగశాల పెట్టిన హద్దులే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈసీ 4 దాటి, ఇఎస్‌పీ 15 లోపు ఉంటే పాల చౌడు. ఈసీ 4 లోపు ఉండి, ఇఎస్‌పీ 15 దాటితే కారు చౌడు, పీహెచ్ కూడా 8.5 పైనే ఉంటుంది. ఈసీ, ఇఎస్‌పీ రెండూ దాటితే ఆ మూడో రకం. మీ గ్లాసు పరీక్షకూ ఈ అంకెలకూ పొత్తు కుదరకపోతే నమూనా మారిపోయిందేమో ముందు అనుమానించండి. చీటీలు తారుమారు కావడం మామూలే.

బోరు నీటిని వదిలేస్తే చేసిందంతా వృథా

నల్లరాతి పొరల్లోంచి వచ్చే మన బోరు నీళ్ళలో చాలాచోట్ల బైకార్బనేట్ ఎక్కువ ఉంటుంది. అలాంటి నీరు పొలంలో ఆరేటప్పుడు కాల్షియం సున్నంగా మారి గడ్డకడుతుంది, సోడియం ఒంటరిగా మిగిలి బంకమట్టిని పట్టుకుంటుంది. అంటే మంచి నేలను తడి తడికీ కారు చౌడుగా మార్చే నీరది. నాలుకకు ఉప్పగా కూడా ఉండదు, అదే దాని మాయ. అప్పులు చేసి బోరు వేసిన వాళ్ళకు ఈ మాట చెప్పడం నాకూ ఇష్టం ఉండదు.

బోరును అరగంట నడిపించి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నిండా పట్టి, ఆ రోజో మర్నాడో ల్యాబుకు చేర్చండి. వారం రోజులు కిటికీలో పెడితే బైకార్బనేట్ అంకె మారిపోతుంది. మేలో ఒకటి, జనవరిలో ఒకటి చేయించగలిగితే మరీ మంచిది.

నీటి రిపోర్టులో ఈసీ 0.75 లోపు ఉంటే సుఖం. 2.25 దాటితే మామూలు పంటలకు పనికిరాదు. తర్వాత చూడాల్సింది ఆర్ఎస్‌సీ, అంటే మిగులు సోడియం కార్బనేట్. ల్యాబు ఇవ్వకపోయినా మీరే వేసుకోవచ్చు. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న బైకార్బనేట్‌ను 61తో, కార్బనేట్‌ను 30తో, కాల్షియంను 20తో, మెగ్నీషియంను 12తో భాగించండి. మొదటి రెండిటి మొత్తంలోంచి తర్వాతి రెండిటి మొత్తం తీసేయండి. ఉదాహరణకు బైకార్బనేట్ 427, కార్బనేట్ లేదు, కాల్షియం 40, మెగ్నీషియం 18 అనుకోండి. 7 లోంచి 3.5 పోతే మిగిలేది 3.5. ఈ అంకె 1.25 లోపు ఉంటే మంచిది, 2.5 దాకా జాగ్రత్తగా వాడొచ్చు, ఆపైన అలాగే వాడకూడదు.

ఒక ఎకరాకు అంగుళం నీరు పెట్టేటప్పుడు ఆర్ఎస్‌సీని 1 తగ్గించడానికి దాదాపు 9 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. పై బోరు నీటి 3.5ను 2.5కు దించుతూ రెండు అంగుళాల తడి పెడితే 18 కిలోలు, మార్కెట్లో దొరికే 80 శాతం జిప్సం అయితే 22 కిలోలు. బోరు దగ్గర తొట్టె కట్టి, జిప్సం గడ్డలు నింపి, నీటిని వాటి గుండా పారించే పద్ధతి ఉంది. డ్రిప్పు ఉన్నవాళ్ళు జిప్సం పొడిని నేరుగా ఆ నీటిలో కలపొద్దు, రంధ్రాలు పూడుకుపోతాయి.

ఇప్పుడు లెక్క, తర్వాత పని

పాల చౌడు అని తేలితే జిప్సం కొనకండి. దానికి కావాల్సింది మంచి నీరు, ఆ నీరు బయటికి పోయే దారి. చదును చేసి, గెనిమలు గట్టిగా వేసి, నీరు నిలగట్టాలి. అడుగు లోతు మట్టిలోంచి దాదాపు 80 శాతం లవణాలు దిగాలంటే అడుగు మందం నీరు దిగాలి, అర అడుగు దిగితే సగం పోతాయి. అంత నీరు బోరు నుంచి తోడటం కంటే అక్టోబరు, నవంబరు వానను పట్టుకోవడం తెలివి. కింద మురుగు కాలువ లేకపోతే మాత్రం దిగిన ఉప్పు ఎండాకాలానికి మళ్ళీ పైకే వస్తుంది.

పులికాట్ పక్క, తడ, సూళ్ళూరుపేట వైపు నేలల కథ వేరు. అక్కడ ఉప్పు కింది నుంచి, సముద్రపు నీటి నుంచి వస్తుంది. మురుగు కాలువ లోతు, నీటి మట్టం చూడకుండా పై మట్టిని ఎంత కడిగినా నిలవదు.

కారు చౌడు అయితే జిప్సం కావాలి, అందులోని కాల్షియం బంకమట్టి మీది సోడియాన్ని తోసేసి ఆ చోటు తీసుకుంటుంది. లెక్క ఇలా వేసుకోండి. సీఈసీ 12, మార్పిడి సోడియం 3 అనుకుందాం (రెండూ 100 గ్రాముల మట్టికి మిల్లీ ఈక్వివలెంట్లలో). ఇఎస్‌పీ 25. దాన్ని 10కి దించాలంటే సోడియం 1.2కు రావాలి, అంటే 1.8 తీసేయాలి. పై 15 సెంటీమీటర్ల మట్టిలో ఒక్కో యూనిట్ తీయడానికి ఎకరాకు సుమారు 780 కిలోల జిప్సం కావాలి. 1.8కి 1,400 కిలోలు, జిప్సం 80 శాతం స్వచ్ఛత ఉన్నదైతే దాదాపు 1,750 కిలోలు. 50 కిలోల మూటలు 35. మొదట్లో చెప్పిన రెండు మూటలు ఎందుకు పనిచేయలేదో దీన్ని బట్టి అర్థమవుతుంది. చెనిక్కాయకు ఊడలు దిగే వేళ వేసే 200 కిలోల జిప్సం కాయలో గింజ నిండటానికి, చౌడు విరగడానికి కాదు. ల్యాబు నేరుగా జిప్సం అవసరం అని అంకె ఇస్తే, వరి వేసేవాళ్ళకు అందులో సగం చాలని కర్నాల్‌లోని కేంద్ర లవణీయ నేలల పరిశోధన సంస్థ సిఫారసు. వరి వేర్లు వదిలే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నాన్ని కరిగించి మిగతా సగం పని చేస్తుంది.

సెప్టెంబరులో మడులు చదును చేసి, జిప్సం చల్లి, పై పది సెంటీమీటర్లలోనే కలపండి. లోతు దుక్కి వద్దు, మందు పలచబడిపోతుంది. వారం పది రోజులు నీరు నిలగట్టి తీసేయండి. జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారడం మీకే కనిపిస్తుంది. మొదటి పంట వరి అయితే ముదురు నారు, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి నాటండి. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ మరవద్దు, ఈ నేలల్లో జింకు మొక్కకు అందదు. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకండి. సీసాల్లో అమ్మే చౌడు విరుగుడు ద్రావణాల సంగతి అడిగేవాళ్ళున్నారు. టన్నున్నర కాల్షియం లవణం చేసే పని లీటరు ద్రావణం ఎలా చేస్తుందో అమ్మేవాళ్ళనే అడగండి.

రెండూ కలిసిన మూడో రకానికి ఒకే నియమం: ముందు జిప్సం, తర్వాతే కడగడం. ముందే నీరు పెట్టి కడిగితే లవణాలు పోయి, ఈసీ తగ్గి, మీకు సంతోషమేస్తుంది. ఆపై నేల బిగుసుకుపోతుంది, తర్వాత జిప్సం వేసినా దాన్ని కిందికి దించే నీరే దిగదు.

గుంత తీసినప్పుడు మూడు నాలుగు అడుగుల్లో సుద్ద పొర తగిలిన చేనులో మామిడి పెట్టొద్దు. ఉసిరి, రేగు సోడియాన్ని బాగా ఓర్చుకుంటాయి, ఉప్పు మాత్రమే సమస్య అయితే సపోటా నిలబడుతుంది.

వచ్చే మేలో అవే చోట్ల, అవే లోతుల్లో మట్టి తీసి, అదే ల్యాబుకు, అదే పరీక్షలకు పంపండి. గ్లాసు పరీక్ష ఇంట్లో దాచిన పాత మట్టితోనూ కొత్త మట్టితోనూ పక్కపక్కన పెట్టి చూడండి. మబ్బు తగ్గి, పీహెచ్ కూడా కదిలితే మిగతా జిప్సం అక్కర్లేకపోవచ్చు. జిప్సం సరిగ్గానే వేశారు, వాన కూడా బాగా పడింది, అయినా పీహెచ్ కదల్లేదంటే రెండో విడత జిప్సానికి డబ్బు పెట్టకముందు బోరు నీటిని మళ్ళీ పరీక్షకు పంపండి.